మస్తానప్ప వంతు

ప్రొద్దుటూరులో మేముండే వీధి మలుపులో ఈ మధ్య ఒక గానుగ నూనె అంగడి పెట్టారు. వాళ్ళు ఆముదం ఆడించే రోజున ఆ వాసన పొద్దున్నే మిద్దెమెట్లెక్కి మా వంటింటి దాకా వస్తుంది. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు. నేను మాత్రం పొయ్యి మీద పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా కాసేపు అట్లాగే నిలబడిపోతాను. చాలామందికి ఆముదమంటే చిన్నప్పుడు ముక్కు మూసి తాగించిన విరేచనాల మందు గుర్తొస్తుంది. నాకు మాత్రం శివరాత్రి దాటిన తర్వాతి ఎండ, మా ఇంటి అరుగు మీద వరసగా ఆరబెట్టిన భజనచెక్కలు, గుడ్డపీలికను నూనెలో ముంచి ఒక్కొక్క చెక్కనూ పసిబిడ్డ ఒళ్ళు తోమినట్టు తోమే మా గంగయ్య చిన్నాయన, ఆ పని అయ్యాక నూనె చేతులు మా తలలకే రాసి తుడుచుకునే ఆయన అలవాటు, అన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి.

ముద్దనూరు నుంచి జమ్మలమడుగు పోయే దారికి కొంచెం లోపలగా ఉంటుంది మా ఊరు. నల్లరేగడి నేల. వాన పడితే కాలి చెప్పును పట్టుకుని వదలదు, ఎండ ముదిరితే నెర్రెలిచ్చి మేకపిల్ల కాలు ఇరుక్కుంటుంది. జొన్న, శనగ, పత్తి మా పంటలు. జొన్న పాలు పోసుకునే రోజుల్లో చేలగట్ల మీద మంట వేసి లేత కంకులు కాల్చి, వేడివేడిగా గోనెపట్ట మీద నలిపి, ఊది, ఆ పచ్చటి గింజలు బెల్లంతో కలిపి పిడికిళ్ళతో బొక్కేవాళ్ళం. శనగ చేలల్లో తిరిగొస్తే కాళ్ళకు పులుపు పట్టేది. ఆ పులుపు నాకడానికి లేగదూడలు మా వెంట పడేవి. కోతలై, కళ్ళాలు ముగిసి, చొప్ప వాములుగా లేచాక ఊరికి కాస్త తీరిక దొరికేది. మగపిల్లలు బిళ్ళంగోడు ఆడుతుంటే మేము చావిడి మెట్ల మీద గచ్చకాయలు ఎగరేసుకుంటూ దారి వైపు చూస్తుండేవాళ్ళం. ఆ తీరిక రోజుల్లోనే మస్తానప్ప వచ్చేవాడు.

మస్తానప్పది దువ్వూరు పక్కన పల్లె. దూదేకులాయన. మిగతా కాలమంతా విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు, శివరాత్రి మొదలు శ్రీరామనవమి దాకా మాత్రం మా ఊరికి చెక్కభజన గురువు. ముద్దనూరు స్టేషనులో దిగి, ఎవరిదైనా బండి కలిస్తే ఎక్కి, లేకుంటే నడిచి, సందెవేళకు ఊళ్ళోకి వచ్చేవాడు. పొడుగాటి మనిషి, కొంచెం ముందుకు వంగిన నడక, చెవుల మీద దాకా తెల్లని తలగుడ్డ, దాని అంచున ఎప్పుడూ ఒక పింజెడు దూది అంటుకుని ఉండేది. రాగానే మసీదు లేని మా ఊళ్ళో పీర్లచావిడి ముందు ఒకసారి, రాములవారి గుడి ముందు ఒకసారి చెప్పులు విడిచి దండం పెట్టుకుని, ఆ తర్వాతే ఎవరి ఇంటి నీళ్ళైనా తాగేవాడు. ఆయన రాముడి పాట పాడటమేమిటని ఎవరూ అడగలేదు. అడగాలని కూడా మాకెవరికీ తోచలేదు. మొహర్రంలో మా చిన్నాయనే పీరు ఎత్తుకుని గుండం తొక్కేవాడు మరి.

చెక్కభజన తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. అరచెయ్యంత కొయ్యచెక్కలు, వాటికి చిన్న ఇత్తడి బిళ్ళలు. రెండు చేతులా అవి పట్టుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టి, గుండ్రంగా నిలబడి, గురువు పాట ఎత్తుకుంటే తిరిగి పాడుతూ అడుగు వేస్తారు. మొదట నడకలా ఉంటుంది. పాట వేగం పెరిగే కొద్దీ వలయం విడిపోయి, రెండు వరసలై, ఒకరి సందులో నుంచి ఒకరు దూసుకుపోయి, మళ్ళీ వలయంగా ముడిపడుతుంది. పొద్దంతా మడక దున్నిన కాళ్ళు అంత తేలికగా ఎట్లా లేస్తాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దీపాలు పెట్టే వేళకు చావిడి ముందు నీళ్ళు చల్లి, లాంతరు వేలాడదీసి సాధన మొదలుపెట్టేవాళ్ళు. తడి మట్టి వాసన, ఆముదం వాసన, చెమట వాసన, ఎక్కడో ఎవరింట్లోనో తిరగమోత వాసన, అన్నీ కలిసి ఆ రోజుల్లో మా ఊరికి ఒక ప్రత్యేకమైన వాసన ఉండేది.

గురువుకు జీతం ఉండేది కాదు. కళ్ళంలో జొన్నల రాశి ఇంటికి తోలక ముందే, చాకలికీ మంగలికీ కుమ్మరికీ తీసినట్టే, భజన గురువు పేరు చెప్పి ఒక చేటెడు పక్కకు పోసేవాళ్ళు. పోసేటప్పుడు ఎవరూ చేట వైపు చూసేవాళ్ళు కాదు, చూస్తే రాశికి దిష్టి అని నమ్మకం. ఇక ఆయన ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ రోజుకొక ఇల్లు ఆయనకు రెండు పూటలా అన్నం పెట్టేది. దాన్ని వంతు అనేవాళ్ళు. మీదివీధి మొదటి ఇంట్లో మొదలై, మధ్యలో మా సందు దాటి, కిందివీధి చివరి ఇంటి దాకా పోయి, పల్లెలోకి దిగి, మళ్ళీ పైకి వచ్చేది. పల్లె అంటే ఊరికి దక్షిణాన ఉండే దళితుల ఇళ్ళు. అక్కడి పిల్లలకూ ఆయన విడిగా భజన నేర్పేవాడు, అక్కడ వంతు కూడా తినేవాడు. పల్లెలో తిన్న మరుసటి రోజు కొందరు ఆయన్ని నడవలోకి పిలవకుండా బయట పంచలోనే విస్తరి వేసేవాళ్ళని చాలా ఏళ్ళ తర్వాత మా అమ్మ చెప్పింది. అప్పుడు మాకు ఆ తేడా కనబడలేదు. మాకు కనబడిందల్లా, గురువు వంతు వచ్చిన ఇంట్లో ఆ రోజు పండగ అని.

నిజంగానే పండగలా చేసేవాళ్ళు. ఒకరింట్లో ఎర్రకారం పూసిన ఉల్లిపాయతో పాటు పొంగిన జొన్నరొట్టెలు, ఒకరింట్లో సంగటీ శనగాకు పప్పూ, ఇంకొకరింట్లో అలసంద వడలు. మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, పులివెందుల వైపు నుంచి కోడలుగా వచ్చిన మనిషి. మా వంతు రోజున తెల్లారకముందే లేచి పప్పు ఉడకబెట్టి, బెల్లంతో రుబ్బి, ఆకు మీద చేత్తో తట్టి ఓళిగలు కాల్చేది. నెయ్యి ఇంట్లో మాకు చుక్కలుగానే తెలుసు, ఆ రోజు మాత్రం ఓళిగ మీద గుంట చేసి పోసేది. మస్తానప్ప తింటుంటే పిల్లలం గడప ఇవతల వరసగా కూర్చునేవాళ్ళం. ఆయన ప్రతి ముద్దకూ ముందు మా వైపు చూసి నవ్వేవాడు. తిన్న తర్వాత విస్తరి మడిచి, చేతులు కడుక్కుని, ఆ ఇంటి మీద ఒక చిన్న పదం కట్టి పాడటం ఆయన ఆనవాయితీ. ఏ ఇంటి పదం ఆ ఇంటిదే. మా జేజి మీద, ఆమె నెయ్యి మీద, ఆమె కోపం మీద ఆయన కట్టిన పదం విని జేజి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం నేను చూశాను. ఆమె నవ్వగా చూసిన సందర్భాలు నాకు ఎక్కువ లేవు.

నేను ఊరి బడిలో మూడో నాలుగో చదువుతున్నప్పుడు పెద్ద కరువు వచ్చింది. జొన్న మోకాలెత్తు లేచి మాడిపోయింది. బావుల్లో చేద అడుగు తగిలి ఖంగుమనేది. నాయన ఎద్దులను జమ్మలమడుగు సంతకు తోలుకుపోయి, వచ్చినకాడికి అమ్మి, వట్టి పలుపుతాళ్ళతో తిరిగొచ్చాడు. శివరాత్రి వస్తోందనగా చావిట్లో ఊరు కూర్చుంది. గురువును పిలవాలా వద్దా అన్నది మాట. మీదివీధి పెద్ద ఓబన్న, కిందివీధి పెద్ద సుబ్బన్న అప్పట్లో ఒకే తుండుగుడ్డ పరుచుకుని పక్కపక్కన కూర్చునే స్నేహితులు. ఆడవాళ్ళు చావిడి గోడకు ఆనుకుని వినేవాళ్ళు గానీ మాట్లాడే అలవాటు లేదు.

"గొడ్లకే మేత లేకపాయ. ఈ ఏడు వద్దని చెప్పంపితే మస్తానప్ప ఏమీ అనుకోడులేప్పా" అన్నాడు ఓబన్న.

అందరూ తలలూపారు. అప్పుడు గోడ అవతల నుంచి మా జేజి గొంతు వినబడింది.

"అనుకోడు ఓబన్నా. ఆయప్ప ఏమీ అనుకోడు. ఒగ ఏడు ఇత్తనం ఎయ్యకుంటే నేల గూడా ఏమీ అనుకోదు. ఇత్తనం మురిగిపోయినాంక మళ్ళీ యాడ తెస్తావు?"

సుబ్బన్న గొంతు సవరించుకున్నాడు.

"అది నిజమే గానీ అత్తా, తినేదానికే లేనప్పుడు ఆయప్పకేం పెడదాం?"

"మనం తాగే అంబలే పోద్దాం. రెండిండ్లు కలిసి ఒగ వంతు చేద్దాం. ఊరు కరువులో ఉంటే ఓళిగలు ఎవురడిగినారు?"

అట్లాగే అయ్యింది. ఆ ఏడు మస్తానప్ప వచ్చాడు. ఇంటింటా కుండలో అడుగంటిన అంబలి తాగాడు. "అంబలి తాగితే గొంతు శానా బాగా పలకతాది తల్లీ" అని ఇల్లాళ్ళు మొహం దాచుకోవలసిన అవసరం లేకుండా చేశాడు. నవమినాడు భజన ఎండలో మొదలైంది. ఎముకలు తేలిన మనుషులు, రంగు వెలసిన పంచెలు, తలలకు పాత చీర అంచులు చింపి చుట్టిన పాగాలు. మా గంగయ్య చిన్నాయన ముందు నిలబడి అడుగు అందుకుంటే వీధిలో దుమ్ము నడుమెత్తు లేచింది. ఆ దుమ్ములో కాళ్ళు కనబడేవి కావు, గజ్జెల మోత మాత్రం వినబడేది. గుడిసెల్లో నుంచి లేవలేని ముసలివాళ్ళను కూడా మంచాలతో సహా వీధిలోకి మోసుకొచ్చారు. ఆకలితో ఉన్న ఊరు అంత గట్టిగా పాడటం నేను మళ్ళీ ఎన్నడూ వినలేదు. ఆ ఏడు కూడా వాన రాలేదు. కానీ ఊరు విడిచి వలసపోయిన వాళ్ళు నవమికి మాత్రం వచ్చి పోయారు.

కరువుకు నిలబడిన ఊరు ఎన్నికకు నిలబడలేదు. రెండేళ్ళ తర్వాత పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఓబన్నా సుబ్బన్నా ఒకరి మీద ఒకరు నిలబడ్డారు. మొదట్లో పిల్లలకు అది తిరునాలలా అనిపించింది, జీపులు, జెండాలు, మైకులు, పంచిపెట్టే చక్కెర మిఠాయి. లెక్కింపు నాడు రాళ్ళు పడ్డాయి. ఒకరి తల పగిలింది, ఒకరి వామి తగలబడింది. ఆ తర్వాత మీదివీధి వాళ్ళు కిందివీధి టీ అంగట్లో టీ తాగడం మానేశారు. నా గచ్చకాయల స్నేహితురాలు బడిలో నా పక్కన కూర్చోవడం మానేసింది. ఎందుకని అడిగితే, "మా నాయన కొడతాడు" అంది, అంతే. మా ఇల్లు రెండు వీధుల మధ్య సందులో ఉండేది. నాయన ఏ పక్కా చేరక, చేరలేదని రెండు పక్కలా మాట పడుతూ, పొద్దున లేస్తే ఎవరిని చూసి ఏమని పలకరించాలో తెలియక తలవంచుకుని చేను దారి పట్టేవాడు.

ఈ సంగతులేవీ తెలియని మస్తానప్ప శివరాత్రి కాగానే ఎప్పటిలాగే వచ్చాడు. ఎప్పటిలాగే మీదివీధి మొదటి ఇంట్లో వంతు తిన్నాడు. అది చూసి కిందివీధి వాళ్ళు, ఆయన మీదివీధి గురువు అన్నారు. కిందివీధి కుర్రవాళ్ళు సాధనకు రావడం మానేశారు. వలయంలో సగం ఖాళీ. వంతు మా సందు దాకా వచ్చింది, మా జేజి ఓళిగలు పెట్టింది, ఆయన తిన్నాడు. ఆయన పదం పాడాడు గానీ ఆ రోజు జేజి నవ్వలేదు. మరుసటి రోజు వంతు కిందివీధిలో దిగాలి.

మధ్యాహ్నం బడి విడిచారు. నేను ఇంటికి వస్తుంటే చావిడి అరుగు మీద మస్తానప్ప కూర్చుని ఉన్నాడు. స్నానం చేసి, తలగుడ్డ మార్చుకుని, కాళ్ళు కిందికి వేలాడేసి, అన్నానికి పిలుపు వచ్చే మనిషి ఎట్లా కూర్చుంటాడో అట్లా కూర్చున్నాడు. వంతు ఇంటి పిల్లవాడు వచ్చి "అప్పా, అన్నానికి రా" అని పిలవడం పద్ధతి. ఎవరూ రాలేదు. కిందివీధి వాళ్ళు ఆయన్ని మీదివీధి తిండి తినేవాడన్నారు. మీదివీధి వాళ్ళు, సగం ఊరు పెట్టనప్పుడు భారమంతా మనమే ఎందుకు మొయ్యాలన్నారు. ఎండ అరుగెక్కి ఆయన కాళ్ళ మీదికి, ఒడిలోకి వచ్చింది. ఆయన కొంచెం కొంచెంగా గోడ వైపు జరిగాడు. దారిన పోయేవాళ్ళు చావిడి రాగానే తల పక్కకు తిప్పుకుని నడిచారు. చూడలేని మనుషుల నడక వేరుగా ఉంటుంది. ఆ వయసులోనే అది నాకు తెలిసింది.

ఇంటికి పోయి చెప్పాను. జేజి లేచి పళ్ళెంలో రొట్టె, పప్పు, ఒక మజ్జిగ చెంబు సర్దింది. నాయన గడపలో అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మా, వద్దు. ఈ పొద్దు మనం పెడితే మీదివీధి పక్క చేరినామంటారు. రేపు బాయికాడ నీళ్ళు కట్టుకోనిస్తారా?"

"అన్నానికి గూడా పక్కలొచ్చెనా నాయనా" అంది జేజి. గొంతులో కోపం లేదు. నాయన మొహం చూసి నేను భయపడ్డాను. ఆయన పక్కకు జరిగాడు. జరిగి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

జేజి వెనకే నేను నీళ్ళచెంబు పట్టుకుని పోయాను. మస్తానప్ప ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"పొద్దు తిరగబడె మస్తానూ. నాలుగు ముద్దలు తిను."

"ఈ పొద్దు మీ వంతు గాదు గదా తల్లీ."

"ఆకలికి వంతేందప్పా. తిను."

ఆయన పళ్ళెం వైపు చూశాడు. ఆకలిగా ఉన్న మనిషి చూసినట్టే చూశాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు.

"ఊరు పెడితే తింటా తల్లీ. ఇన్నేండ్లు ఊరే పెట్టె, తింటి. ఈ పొద్దు నీ ఇల్లొక్కటే పెడితే అది బిచ్చమయితాది. ఈ ఊర్లో నేను బిచ్చమెత్తలా."

జేజి పళ్ళెం మీద కొంగు కప్పింది. ఆయన నా చేతిలో చెంబు తీసుకుని నీళ్ళు మాత్రం గుటగుటా తాగి, "బాగ చదువుకో పాపా" అని నా తల మీద చెయ్యి పెట్టాడు. సాయంత్రం ఎండ తగ్గాక సంచి భుజాన వేసుకుని ముద్దనూరు దారి పట్టాడు. గంగయ్య చిన్నాయన, ఇంకో ఇద్దరు ముగ్గురు ఊరి పొలిమేర దాకా వెంట నడిచారు. "అడుగు మర్చిపోగాకండి" అన్నాడట ఆయన. ఆపి తీసుకురావాలని వాళ్ళకు ఉంది. ఏ వీధికి తీసుకురావాలో వాళ్ళకు తెలియలేదు.

ఆ నవమికి రెండు వీధులూ వేరువేరుగా భజన పెట్టుకున్నాయి. ఒక వీధిలో పాట తెలిసినవాడు లేడు, ఇంకో వీధిలో మద్దెల వాయించేవాడు లేడు. ఒకటి రెండేళ్ళు అట్లాగే ఈడ్చాయి. ఆ తర్వాత కుర్రవాళ్ళకు కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటులో పనులు దొరికాయి. గంగయ్య చిన్నాయన కూడా చేరాడు. షిఫ్టు డ్యూటీ చేసేవాడికి దీపాలు పెట్టే వేళ అంటూ ప్రత్యేకంగా ఉండదు. బూడిద అంటిన చొక్కాతో ఇంటికొచ్చి, నూనె పెట్టని చెక్కలను ఆయన ఎప్పుడు అటక మీదికి ఎక్కించాడో, చెదలు ఎప్పుడు పట్టాయో ఎవరూ చూడలేదు. నేను జమ్మలమడుగులో చదివి, టీచరుగా ప్రొద్దుటూరు చేరాను.

మళ్ళీ మస్తానప్పను చూసింది పదేళ్ళ కిందట. దువ్వూరులో ఒక పెళ్ళికి పోయి, ఎవరో ఆయన ఇంకా ఉన్నాడని చెబితే వెతుక్కుంటూ పోయాను. రేకుల ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. దూది ఏకే మిషన్లు వచ్చి విల్లు ఎప్పుడో మూలపడింది. భార్య పోయింది. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న మనవడు గుర్తొచ్చినప్పుడు పంపిస్తాడు. నేనెవరో చెప్పగానే మా జేజి పదం మొదటి మాట నుంచి చివరి మాట దాకా పాడాడు. మాటల్లో ఆ పక్కింటివాళ్ళే చెప్పారు, ముసలి కళాకారులకు ప్రభుత్వం పింఛను ఇస్తుందని, ఈయన అడగబోతే, నేర్పిన ఊరి నుంచి గ్రామసభ తీర్మానం తెచ్చుకొమ్మన్నారని. మా ఊరు వదిలాక పులివెందుల వైపు ఆయన నేర్పిన పల్లెల్లో గుర్తుపట్టేవాళ్ళే మిగల్లేదు.

"నేను వచ్చి మీ ఊర్లో అడగొచ్చునా పాపా?" అన్నాడు. అడగడానికి కూడా అనుమతి అడుగుతున్న ఆ గొంతు విని, నేనే తీసుకుపోతానన్నాను.

సభ రోజున ఆయన్ని ఆటోలో తీసుకుపోయాను. ఊళ్ళో కొత్తగా సిమెంటుతో కళావేదిక కట్టారు. ఏవో నిధులు వచ్చాయట. గోడ మీద బొమ్మలు గీయించి, వేదిక మీద శనగలు ఆరబోసుకున్నారు. సర్పంచు ఓబన్న కొడుకు. ఎదురు వరసలో సుబ్బన్న కొడుకు, అతని మనుషులు. మస్తానప్పకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు, శాలువా కప్పారు, కూల్‌డ్రింకు ఇచ్చారు. ఇద్దరు కొడుకులూ వచ్చి ఆయన కాళ్ళు మొక్కారు. "మా నాయన ఈయప్ప దగ్గరే గజ్జె కట్టినాడు" అని ఇద్దరూ అదే మాట చెప్పారు. ఇక పని అయినట్టేననుకున్నాను.

తీర్మానం ఎవరు ప్రతిపాదించాలన్న దగ్గర ఆగింది. సర్పంచు ప్రతిపాదిస్తానన్నాడు. "మీరు పెట్టినట్టు చెప్పుకుంటారు, ఆయప్ప ఊరందరి గురువు" అన్నారు ఎదురు వరసలో. "అట్లయితే మీరే పెట్టుకోండి, మేం సంతకాలు చెయ్యం" అన్నారు ఇటు. నేను లేచి, ఇది ఏ పక్కదీ కాదని, అన్నేళ్ళు ఊరు పాడిన పాటకు ఊరు చెప్పాల్సిన ఒక్క మాట అని, నాకు తెలిసినంత మెత్తగా చెప్పాను. "మీ మాట నిజమే మేడం" అన్నారు అందరూ. అంతలో పల్లె నుంచి వచ్చిన ఒకావిడ బిడ్డను చంకనేసుకుని లేచింది. "మోరీ నిండి ఇండ్లలోకి వస్తాంది, దోమలతో పిల్లోళ్ళు జరాలు పడి సస్తాండారు. గంటసేపు భజన గురించే అయిపాయ. మా మాట ఎప్పుడు మాట్లాడతారు?" అంది. ఆమె మాటా నిజమే. ఆమె బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది, నేను తాకి చూశాను. కూర్చున్నాను. మురుగు కాలువ గురించి కూడా వాదులాడుకుని, రెండు విషయాలూ వచ్చే సభకు వాయిదా వేశారు.

జనం లేచి పోతుంటే మస్తానప్ప నన్ను అడిగాడు.

"అయిపాయనా పాపా?"

"ఇంకోసారి పెట్టుకుందామన్నారప్పా."

"ఆఁ. ఊరంటే అట్లే. మెల్లగా అయితాది" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడని ఆటో ఎక్కిన తర్వాత తెలిసింది. దువ్వూరు దాకా ఆయన ఒళ్ళో శాలువాను మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తూనే ఉన్నాడు.

వచ్చే సభ జరిగేలోగా ఆయన పోయాడు. ఆ సభలో మొట్టమొదటగా, మా ఊరికి తరతరాలుగా చెక్కభజన నేర్పిన గురువు మస్తానప్ప మృతికి సంతాపం తెలుపుతూ తీర్మానం చేశారట. సర్పంచు ప్రతిపాదించాడు, సుబ్బన్న కొడుకు బలపరిచాడు. ఒక్కరు కూడా కాదనలేదు. ఆ సంగతి నాకు చిన్నాయన ఫోనులో చెప్పాడు. ఇద్దరిలో ఎవరం ముందు ఫోను పెట్టేశామో గుర్తులేదు.

ఊరు ఇవ్వడం మానేసిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నవమికి రెండు వీధులూ పోటీపడి ఇచ్చుకుంటాయి, ఎంతంటే ఎంత. ట్రాక్టర్ల మీద మనిషెత్తు సౌండు పెట్టెలు వస్తాయి, రంగు లైట్లు వస్తాయి, పక్క జిల్లా నుంచి డ్యాన్సు చేసేవాళ్ళు వస్తారు. తెల్లారేసరికి అన్నీ ఎక్కడివక్కడ వెళ్ళిపోతాయి. కళ్ళాలు లేవు, రాశులు లేవు, కోత మిషను చేలోనే గింజలు మూటకట్టేస్తుంది. ఎవరి పేరు చెప్పీ ఎవరూ చేటెడు పక్కకు పొయ్యరు. ఒక మనిషిని ఇంటింటికీ తిప్పుకుని నెలన్నర మనలో ఉంచుకోవడమన్న సంగతే పిల్లలకు వింత.

పోయినేడు నవమికి నేను ఊరికి పోయాను. మీదివీధిలో ట్రాక్టరు ఆగి ఉంది, చెవులు దిమ్మెక్కుతున్నాయి. గుడి అరుగు మీద నా పక్కన కూర్చున్న పదేళ్ళ పిల్ల, మా బంధువుల మనవరాలే, నా చెవిలో అరిచినట్టు అడిగింది. "చెక్కభజన అంటాండారు గదా అవ్వా, అదేంది? ఎట్లుంటాది?"

చెప్పడం మొదలుపెట్టాను. మాటల్లో అది రాలేదు. చూపిద్దామని కొంగు బిగించి వీధిలోకి దిగాను. గుండ్రంగా నిలబడతారని, ఇట్లా మొదలుపెడతారని చేతులు ఎత్తాను. అప్పుడు తెలిసింది, నా కాళ్ళకు ఏమీ తెలియదని. ఆడపిల్లలకు ఆ రోజుల్లో నేర్పేవాళ్ళు కాదు. అన్నేళ్ళూ నేను చూశాను, అంతే. కుడికాలు ముందా ఎడమకాలు ముందా కూడా నాకు తెలియదు. చిన్నాయన మంచంలో ఉన్నాడు. అడగడానికి ఇంకెవరూ లేరు.

ఆ పిల్ల తల పైకెత్తి నా చేతుల వైపే కాసేపు ఓపిగ్గా చూసింది. ఇంతలో ట్రాక్టరు కదిలింది. "పోతాండా అవ్వా" అని చెప్పి, పాట వెంట పరిగెత్తింది.